‘కారెట్’ పుట్టుపూర్వోత్తరాలు: హదీసులలోని ‘ఖీరాతు’

చార్మినార్ నుండి గుల్జార్ హౌజ్ మీదుగా చార్‌కమాన్ వైపు సాగే దారిలో బంగారు, వెండి, ముత్యాల అంగళ్ళు వరుసగా ఉన్నాయి. అక్కడ పొద్దస్తమానం వినిపించే ఇంగ్లీషు మాట ఒకటి ఉన్నది. అది ‘కారెట్’. “ఇది ఇరవై రెండు కారెట్ల బంగారం” అంటాడు ఒక వర్తకుడు. “ఈ వజ్రం అర కారెట్” అంటాడు మరొకడు. వినేవారు రెంటికీ తల ఊపుతారు. కాని ఈ రెండు వాక్యాలలోని కారెట్ ఒకే కొలత కాదు. మొదటిది బంగారంలో మేలిమి ఎంత ఉన్నదో చెప్పే లెక్క. రెండవది రాయి ఎంత బరువున్నదో చెప్పే తూనిక.

ఇదే మాట మన మస్జిదులలో కూడా వినిపిస్తుంది. జనాజా నమాజులో పాల్గొన్న వానికి ఒక ‘ఖీరాతు’ పుణ్యమని, ఖననం పూర్తి అయ్యేవరకు ఉన్న వానికి రెండు ఖీరాతులని ఇమాములు బోధిస్తారు. నగల అంగడిలోని కారెట్, హదీసులోని ఖీరాతు పుట్టుకలో ఒకే మాట. అయితే ఆ మాట ఒక చోట బరువు, ఒక చోట భాగం, మరొక చోట దైవానుగ్రహంలో లభించే వాటా. ఈ మూడింటిని కలగాపులగం చేసినచో కొనుగోలుదారు నష్టపోతాడు, జకాతు లెక్క తారుమారవుతుంది, హదీసు అర్థం కురచబారుతుంది. కనుక ఈ మాట ఎక్కడ పుట్టింది, ఏ దారిన నడిచి వచ్చింది అనే విషయాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరం.

కొమ్ము, కాయ, గింజ

ఇంగ్లీషువారు ఈ మాటను ఫ్రెంచి భాష నుండి 15వ శతాబ్దిలో తీసుకున్నారు. ఫ్రెంచివారికి అది ఇటలీ నుండి వచ్చింది. అక్కడ దాని రూపం ‘కరాతో’. ఇటలీ వర్తకులు దానిని నేర్చినది అరబ్బుల నుండి. మధ్యయుగాలలో మధ్యధరా సముద్ర వర్తకంలో అరబీ మాటలు సరుకులతోబాటు ఓడలెక్కి ఐరోపా రేవులకు చేరాయి. అట్లా చేరినవాటిలో ‘ఖీరాత్’ ఒకటి.

అరబీకి కూడా ఇది పుట్టింటి మాట కాదు. దీని మూలం గ్రీకు భాషలోని ‘కెరాతియోన్’. గ్రీకులో ‘కెరాస్’ అనగా కొమ్ము. ‘కెరాతియోన్’ అనగా చిన్న కొమ్ము. మధ్యధరా తీరాలలో ఒక చెట్టు పెరుగుతుంది. దాని కాయ మన చింతకాయవలె పొడుగుగా, వంకరగా, ఎండినపుడు నల్లగా ఉండి చూపునకు చిన్న కొమ్మును తలపిస్తుంది. అందుచేత గ్రీకులు ఆ కాయను, దానిలోని గింజను ‘చిన్న కొమ్ము’ అన్నారు. ఆ చెట్టును అరబ్బులు ‘ఖర్రూబ్’ అంటారు. దాని నుండే ఇంగ్లీషులో ‘కారబ్’ అనే చెట్టు పేరు ఏర్పడింది. అనగా ఒకే చెట్టు ఇంగ్లీషుకు రెండు మాటలను ఇచ్చింది. చెట్టు పేరు అరబీ మూలం నుండి వచ్చింది. గింజ తూకం పేరు గ్రీకు మూలం నుండి, అరబీ గుండా వచ్చింది.

ఇంకా వెనుకకు పోయినచో ఈ గ్రీకు ‘కెరాస్’కు చుట్టాలు మన దేశంలోనే కనిపిస్తాయి. భాషాశాస్త్రజ్ఞులు గ్రీకు, లాటిన్, సంస్కృతం, పారశీకం మొదలగు భాషలకు ఒక ప్రాచీన మూలభాష ఉండెనని నిరూపించారు. అందులో కొమ్మునకు, తలకు సంబంధించిన ఒక ధాతువు ఉన్నది. గ్రీకులో ‘కెరాస్’, లాటిన్‌లో ‘కోర్ను’, ఇంగ్లీషులో ‘హార్న్’, సంస్కృతంలో ‘శృంగం’, ‘శిరస్సు’ ఆ ధాతువు సంతానమే. తెలుగువారు వాడుకగా అనే ‘సింగినాదం’లోని ‘సింగి’ ఈ శృంగమే; కొమ్ముబూర నాదమే శృంగనాదం, అదే సింగినాదం. ఈ విధంగా చూసినచో బంగారు అంగడిలోని కారెట్‌కు, మన సింగినాదానికి దూరపు బంధుత్వం ఉన్నది. తెలుగులోని ‘కొమ్ము’ మాత్రం ద్రావిడ పదం. దీనికి ఆ వంశంతో సంబంధం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అరబీలో కొమ్మును ‘ఖర్న్’ అంటారు. దివ్యఖుర్ఆన్‌లో ప్రస్తావించబడిన జుల్ఖర్నైన్ పేరులో ఉన్నది ఆ మాటే. లాటిన్ ‘కోర్ను’, అరబీ ‘ఖర్న్’ ఒకే విధంగా వినిపించుటచేత ‘ఖీరాత్’ కూడా ‘ఖర్న్’ నుండి పుట్టినదని తలచరాదు. ‘ఖర్న్’ సెమిటిక్ కుటుంబానికి చెందిన మూడక్షరాల ధాతువు గల పదం. ధ్వని కలిసినంత మాత్రాన వంశం కలిసినట్లు కాదు. అట్లే మనం కూరలో వేసే ‘క్యారెట్’కు, నగల కారెట్‌కు తెలుగులో ఒకే వ్రాత ఏర్పడినది గాని, ఆ దుంప పేరు గ్రీకులోని ‘కరోతోన్’ అనే వేరొక మాట నుండి వచ్చినది.

రోము నాణెం, మక్కా బజారు

గింజ తూకంగా మారడం వింత కాదు. త్రాసు ఉన్న ప్రతి దేశంలోను మనిషి మొదట చేతికందిన గింజలతోనే తూచాడు. యవలు, గోధుమలు, వడ్లు, గురువిందలు అన్నీ తూకపు రాళ్ళయినవే. రోమను సామ్రాజ్యంలో ఈ కారబ్ గింజకు చట్టబద్ధమైన స్థానం లభించింది. లాటిన్‌లో దానిని ‘సిలిక్వా’ అన్నారు. 4వ శతాబ్ది తొలి భాగంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ‘సాలిడస్’ అనే బంగారు నాణెమును ప్రవేశపెట్టాడు. ఒక రోమను పౌను బంగారంతో అటువంటి నాణెములు 72 వచ్చేవి. ఒక్కొక్క నాణెం 24 సిలిక్వాల తూకం. ఈనాటి కొలతలలో సిలిక్వా సుమారు 0.19 గ్రాములు.

ఇదే 24 అనే అంకెకు జన్మస్థలం. ఒక బంగారు నాణెంలో 24 భాగాలున్నవి గనుక, పూర్తిగా మేలిమి అయిన బంగారాన్ని ‘24 కారెట్లు’ అనడం వచ్చింది. అందులో 22 భాగాలు బంగారం, 2 భాగాలు రాగియో వెండియో అయినచో అది 22 కారెట్లు. బరువును చెప్పిన మాట ఈ విధంగా భాగాన్ని చెప్పే మాటగా మారింది.

ఇస్లాంకు పూర్వం మక్కా వర్తకుల చేతులలో ఆడిన బంగారు నాణెములు ఎక్కువగా రోమను సామ్రాజ్యానివి, వెండి నాణెములు పారశీక సామ్రాజ్యానివి. ‘దీనారు’ అనే పేరు లాటిన్ ‘దెనారియస్’ నుండి, ‘దిర్హము’ అనే పేరు గ్రీకు ‘ద్రాఖ్మె’ నుండి వచ్చినవే. ఈ రెండు పేర్లు దివ్యఖుర్ఆన్‌లో ఉన్నాయి: దీనారు ఆలి ఇమ్రాన్ సూరాలో, దిర్హములు యూసుఫ్ సూరాలో. ఖీరాతు మాత్రం ఖుర్ఆన్‌లో లేదు, హదీసులలో ఉన్నది. హిజ్రీ 77లో, అనగా క్రీ.శ. 696–97లో, ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ బొమ్మలు లేని, అక్షరాలు మాత్రమే గల దీనారును ముద్రింపజేశాడు. దాని బరువు సుమారు 4.25 గ్రాములు. ఫిఖ్హ్ గ్రంథాలలో ‘మిస్ఖాల్’ అని చెప్పబడే తూనిక ఇదే.

అరబీ నిఘంటుకారుల మాట

అరబీ నిఘంటుకారులు ఈ మాటను శ్రద్ధగా పరిశీలించారు. ‘ఖీరాత్’కు బహువచనం ‘ఖరారీత్’. బహువచనంలో రెండు ‘ర’లు కనిపిస్తున్నాయి గనుక ఏకవచనం అసలు రూపం ‘ఖిర్రాత్’ అయి ఉండవలెనని, ద్విత్వంలోని మొదటి ‘ర’ పలుకుబడి సౌకర్యం కొరకు దీర్ఘంగా మారినదని వారు వివరించారు. దీనారు విషయంలోను ఇదే సూత్రం చెప్పారు: బహువచనం ‘దనానీర్’ గనుక మూలరూపం ‘దిన్నార్’. పరభాష నుండి వచ్చిన మాటను సైతం తమ వ్యాకరణపు త్రాసులో తూచి చూసిన వారి నిశితబుద్ధికి ఇది నిదర్శనం.

కొలత విషయంలో ప్రాంతాలను బట్టి భేదమున్నదని కూడా వారు దాచలేదు. ఎక్కువ దేశాలలో దీనారులో ఇరవయ్యవ వంతు ఒక ఖీరాతు అని, షామ్ దేశీయులు మాత్రం ఇరవైనాలుగవ వంతుగా లెక్కిస్తారని ఇబ్నుల్ అసీర్ తన ‘నిహాయా’ అనే హదీసు పదకోశంలో నమోదు చేశాడు. హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు మొదటి లెక్కను తీసుకున్నాయి: దీనారుకు 20 ఖీరాతులు, దిర్హముకు 14 ఖీరాతులు, ఖీరాతుకు 5 యవగింజలు. 14కు 20కి ఉన్న నిష్పత్తి 7కు 10. పది దిర్హములు ఏడు మిస్ఖాళ్ళకు సమానమనే ప్రసిద్ధ సూత్రం ఇదే. ఇరవై వంతుల లెక్కన ఖీరాతు సుమారు 0.21 గ్రాములు, ఇరవైనాలుగు వంతుల లెక్కన సుమారు 0.18 గ్రాములు.

ఇరవైనాలుగు భాగాల పద్ధతి నాణెముతో ఆగలేదు. మధ్యధరా రేవులలో ఒక ఓడ యాజమాన్యాన్ని 24 వాటాలుగా విభజించి ఒక్కొక్క వాటాను ఈ పేరుతోనే పిలిచేవారు. ఈజిప్టులో పొలాన్ని కొలిచే ‘ఫద్దాన్’లో 24వ వంతు నేటికీ ‘ఖీరాత్’. అది సుమారు 175 చదరపు మీటర్లు. ఆస్తిని పంచేటప్పుడు కూడా 24 అనే అంకె మిక్కిలి అనుకూలమైనది. దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో విధించిన వారసత్వ భాగాలు సగం, నాలుగవ వంతు, ఎనిమిదవ వంతు, మూడింట రెండు వంతులు, మూడవ వంతు, ఆరవ వంతు. ఈ భాగాలన్నీ 24లో శేషం లేకుండా ఇముడుతాయి. ఉదాహరణకు, ఒక వ్యక్తి భార్యను, తల్లిని, ఒక కుమారుని వదలి మరణించాడనుకుందాం. ఆస్తిని 24 ఖీరాతులుగా భావించినచో భార్యకు ఎనిమిదవ వంతు 3, తల్లికి ఆరవ వంతు 4, మిగిలిన 17 కుమారునికి చెందుతాయి.

హదీసులలో ఖీరాతు

ఇప్పుడు హదీసులను చూద్దాం. జనాజాను గూర్చిన హదీసును హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోను ఉన్నది. రెండు ఖీరాతులంటే ఏమిటని అడిగినపుడు, రెండు మహాపర్వతాల వంటివని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఒక ఉల్లేఖనంలో వాటిలో చిన్నది ఉహుద్ కొండంత అని ఉన్నది. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఈ మాట విని, హజ్రత్ ఆయిషా (రజి) వద్ద నిర్ధారించుకున్నారు. ఆమె అబూ హురైరా చెప్పినది నిజమనగానే, మనం ఎన్నెన్ని ఖీరాతులు పోగొట్టుకున్నామో గదా అని ఆయన విచారించారు.

ఇక్కడ ఈ మాట పుట్టుక తెలిసిన వారికే హదీసు పూర్తిగా బోధపడుతుంది. నాటి అరబ్బు చెవికి ఖీరాతు అనగా అతి చిన్న తూనిక. గింజంత బంగారం, ఒక నాణెంలో ఒక చిన్న వంతు. “ఒక ఖీరాతు పుణ్యం” అని వినగానే అతని మనసులో మెదిలేది అల్పమైన పరిమాణం. వెంటనే ఆ గింజ కొండ అయింది. మనుషుల బజారులో మిక్కిలి చిన్నదైన కొలత దైవసన్నిధిలో ఉహుద్ అంత. ఈ వ్యత్యాసంలోనే బోధ ఉన్నది. కొందరు పండితులు ఖీరాతును ఇక్కడ ‘భాగం’ అనే అర్థంలో తీసుకొని, మరణించిన వానికి సంబంధించిన సేవలన్నింటి పుణ్యంలో ఒక వాటాగా వివరించారు. ఈ రెండు వివరణలూ మాట చరిత్రకు అనుగుణమైనవే. అది తూనిక కూడ, వాటా కూడ గదా!

మరికొన్ని హదీసులలో ఈ మాట వేరువేరు సందర్భాలలో వస్తుంది. పశువుల కాపలాకో, వేటకో, పొలానికో కాక ఊరక కుక్కను పెంచేవాని కర్మల నుండి దినదినం ఖీరాతు తగ్గునని ఒక హదీసు. పూర్వ గ్రంథప్రజలు, ముస్లిములు పగటిలో వేరువేరు వేళల పనిచేసి పొందిన కూలిని ఖీరాతులలో చెప్పిన దృష్టాంతం బుఖారీలో ఉన్నది. మీరు ఈజిప్టును జయిస్తారు, అది ఖీరాతు అనే పేరు వాడే దేశం, ఆ ప్రజలతో మంచిగా మెలగండి అనే భావం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆ దేశపు గుర్తుగా చెప్పబడిన మాట పొలం కొలతగా అక్కడ నేటికీ సజీవంగా ఉండుట గమనించదగినది.

అన్నింటికన్న ఆసక్తి గొలిపేది మేకల హదీసు. ప్రవక్తలందరూ మేకలు కాచినవారేనని, తాను కూడా మక్కావాసుల మేకలను ‘ఖరారీత్’ మీద కాచానని దైవప్రవక్త (స) చెప్పారు. ‘ఖరారీత్’ అనగా ఖీరాతుల కూలి అని కొందరు పండితులు అర్థం చెప్పారు. ఇబ్రాహీం అల్ హర్బీ మాత్రం అది మక్కా వద్ద ఒక స్థలం పేరు అన్నాడు. ఒక చిన్న పదం అర్థం మారితే దృశ్యమంతా మారుతున్నది: ఒక దానిలో కొద్దిపాటి కూలికి పనిచేసే యువకుడు, మరొక దానిలో ఒక మైదానంలో మంద వెంట నడిచే కాపరి. అనువాదకుడు ఒక దానిని ఎంచుకొని రెండవదానిని మ్రింగివేయరాదు. ఉన్న భేదాన్ని పాఠకుని ముందుంచవలెను.

తెలుగులో ఎట్లు వ్రాయవలెను?

ఈ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒక చిక్కు ఉన్నది. దక్కనీ ఉర్దూలో ‘ఖాఫ్’ను కూడా మనం ‘ఖ’గానే పలుకుతాము. అరబీలో వేరువేరుగా ఉన్న రెండు ‘త’లు తెలుగు లిపిలో ఒక్కటే అవుతాయి. ఫలితంగా తూనిక అయిన ‘ఖీరాత్’, ఖుర్ఆన్ పఠనమైన ‘ఖిరాఅత్’, దానధర్మాలైన ‘ఖైరాత్’ తెలుగు అచ్చులో పక్కపక్క ఇండ్లవారిగా కనిపిస్తాయి. అరబీలో ఇవి మూడు వేరు ధాతువులు. అచ్చుతప్పు ఒక్కటి పడినచో జనాజాలో పాల్గొన్న వానికి రెండు ‘పఠనాలు’ అనియో, రెండు ‘దానాలు’ అనియో చదువుకొనే ప్రమాదమున్నది.

పోనీ ‘రెండు కారెట్లు’ అని వ్రాద్దామా అంటే, నేటి పాఠకుడు వెంటనే 400 మిల్లీగ్రాముల వజ్రాన్ని తలచుకుంటాడు. ‘రెండు భాగాలు’ అని వ్రాసినచో చిన్న తూనిక అనే భావం పోతుంది. ‘రెండు కొండలంత పుణ్యం’ అని మొదటనే వ్రాసినచో సహాబీలు అడిగిన ప్రశ్నకే అర్థముండదు. కనుక మూలపదాన్ని ‘ఖీరాతు’ అని దీర్ఘంతో నిలుపుకొని, మొదటిసారి వచ్చిన చోట “గింజంత బరువు గల తూనిక, దీనారులో ఒక చిన్న వంతు” అని వివరించుట ఉత్తమం. తులం, వీసం, రవ్వ అనే మాటలను తెలుగువాడు ఎరిగినట్లే ఖీరాతును కూడా ఎరుగగలడు.

గోల్కొండ తూనికలు

వజ్రాల తూనికను గూర్చి మాట్లాడేటప్పుడు మన నేలను విడిచిపెట్టలేము. 18వ శతాబ్దిలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుండే వెళ్ళాయి. కృష్ణా తీరంలోని కొల్లూరు గని కుతుబ్‌షాహీల ఏలుబడిలోనిదే. ఆ కాలంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావర్నియే 1676లో తన యాత్రల గ్రంథాన్ని ప్రకటించాడు. గనుల వద్ద వజ్రాలను ‘మాంజెలిన్’ అనే తూనికతో తూచేవారని అతడు వ్రాశాడు. ఇది మన ‘మంజాడి’. మంజాడి అనేది గురువింద కన్న పెద్దదైన ఎర్రని గింజ. కారబ్ చెట్టు లేని దేశంలో మంజాడి చెట్టు ఆ పని చేసింది.

టావర్నియే ఇచ్చిన లెక్క గమనించదగినది. గనుల వద్ద మంజాడి అతని దేశపు కారెట్లలో 1¾. గోల్కొండ, బీజాపూరు రాజ్యాలలో మాత్రం అదే పేరు గల తూనిక 1⅜. పేరు ఒక్కటే, గింజ ఒక్కటే, తూకం వేరు! లెక్క తెలియనివాడు గనిలో కొని నగరంలో అమ్మితే ఏమగునో ఊహించవచ్చును. ఉత్తరాదిన రత్నాలకు ‘రత్తి’ వాడుక. రత్తి అనగా గురువింద. ఎనిమిది రత్తీలు ఒక మాషా, పన్నెండు మాషాలు ఒక తులం. మన పెద్దలు జకాతు నిసాబును చెప్పిన ఏడున్నర తులాల లెక్క ఈ గురువింద నుండి పుట్టినదే.

నిలకడ లేని గింజ

కారబ్ గింజలన్నీ ఒకే బరువు కలిగి ఉంటాయి గనుకనే వాటిని తూనికగా ఎన్నుకున్నారని చాలాకాలం పుస్తకాలలో వ్రాస్తూ వచ్చారు. 2006లో వృక్షశాస్త్రజ్ఞులు ఆ గింజలను తూచి చూసి, అవి కూడా ఇతర చెట్ల గింజలవలె హెచ్చుతగ్గులు గలవేనని తేల్చారు. అయితే మనుషులు కంటితో చూసి ఇంచుమించు సమానమైన గింజలను ఏరగలరని కూడా వారు గమనించారు. అనగా తూకానికి నిలకడ తెచ్చినది గింజ కాదు, దానిని ఏరిన మనిషి. అతడు న్యాయవంతుడైతే తూకం న్యాయమైనది. కానిచో కొనేటప్పుడు బరువైన గింజ, అమ్మేటప్పుడు తేలికైన గింజ.

ఈ కారణంగానే ఐరోపాలో సైతం ఒక్కొక్క నగరానికి ఒక్కొక్క కారెట్ ఉండేది. లండన్ కారెట్ 205 మిల్లీగ్రాములకు కొంచెం పైన. 1907లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ కారెట్‌ను సరిగా 200 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. క్రమంగా దేశాలన్నీ దానిని స్వీకరించాయి. అందుచేతనే కోహినూరు పాత పుస్తకాలలో 186 కారెట్లని, క్రొత్త లెక్కలలో 191 కారెట్లని కనిపిస్తుంది. రాయి పెరగలేదు, కారెట్ తగ్గింది. 1852లో దానిని తిరిగి సానబట్టిన తర్వాత నిలిచినది 105.6 కారెట్లు.

తూకాన్ని మనిషి ఇష్టానికి వదలక శాస్త్రంగా మలచిన ముస్లిం పండితులను ఇక్కడ స్మరించుకొనవలెను. రత్నాలను, లోహాలను గూర్చి అల్ బీరూనీ రచించిన ‘కితాబుల్ జమాహిర్’, హిజ్రీ 515లో అల్ ఖాజినీ త్రాసును గూర్చి రచించిన ‘మీజానుల్ హిక్మా’ లోకప్రసిద్ధాలు. నీటిలో తూచి స్వచ్ఛమైన బంగారాన్ని, కల్తీ బంగారాన్ని వేరుచేసే విధానాన్ని ఖాజినీ వివరించాడు. ఈ రెండు అరబీ గ్రంథాలను అచ్చువేసి లోకానికి అందించినది మన హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థయే.

జకాతు లెక్కలో కారెట్

ఇక మన ఇండ్లలోని బంగారం విషయం. ఇందులో రెండు మాటల వద్ద జాగ్రత్త అవసరం. ఒకటి తులం, రెండవది కారెట్.

బంగారానికి జకాతు నిసాబు 20 మిస్ఖాళ్ళు. దీనారు బరువును 4.25 గ్రాములుగా తీసుకున్న పండితుల లెక్కన ఇది 85 గ్రాములు. మన దేశపు హనఫీ ఉలమా సాధారణంగా చెప్పే లెక్క ఏడున్నర తులాలు, అనగా 87.48 గ్రాములు. ఇందులోని తులం 11.66 గ్రాముల పాత తులం. ఈ రోజులలో మన బజారులో ‘తులం’ అంటే 10 గ్రాములు. పాత పుస్తకంలోని ఏడున్నరను నేటి తులంతో గుణించినచో 75 గ్రాములు వస్తుంది. అది నిసాబు కాదు. మంజాడి వలెనే ఇక్కడ కూడా పేరు నిలిచింది, తూకం జారింది.

ఇక కారెట్. 22 కారెట్ల నగలో నూటికి 91.6 వంతులు బంగారం. హాల్‌మార్కులో ‘916’ అని ఉండునది దీనినే సూచిస్తుంది. 18 కారెట్లయితే ‘750’, అనగా నాలుగింట మూడు వంతులు. మన దేశంలో 2021 జూన్ 16 నుండి అనేక జిల్లాలలో హాల్‌మార్కు తప్పనిసరి అయింది. ఈ అంకెలు జకాతులో ఎట్లు పనికివస్తాయి? హనఫీ మజ్‌హబులో బంగారం పాలు కల్తీ కన్న ఎక్కువైనచో ఆ వస్తువంతా బంగారంగానే పరిగణించబడుతుంది. షాఫయీ మజ్‌హబులో అందులోని మేలిమి మాత్రమే నిసాబుకు లెక్క. ఉదాహరణకు, ఒకరివద్ద 18 కారెట్ల బంగారం 90 గ్రాములు దాచి ఉన్నదనుకుందాం. హనఫీ లెక్కన అది 90 గ్రాముల బంగారమే, నిసాబు దాటింది. షాఫయీ లెక్కన మేలిమి 67.5 గ్రాములే, నిసాబు చేరలేదు. ధరించే అనుమతించబడిన నగల విషయంలోను ఈ రెండు మజ్‌హబుల మధ్య భేదమున్నది. పాతబస్తీలో హనఫీలు అధికంగా ఉన్నా, బార్కస్ ప్రాంతంలో హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతివారు షాఫయీలు గనుక ఈ భేదం మనకు కేవలం పుస్తకాలలోనిది కాదు.

ఈ సూత్రంలో సరిహద్దు 12 కారెట్లు. అంతకు పైబడినచో బంగారం సగం దాటినట్లు. 2025లో మన దేశపు ప్రమాణాల సంస్థ 9 కారెట్ల బంగారానికి కూడా హాల్‌మార్కును వర్తింపజేసింది. అందులో బంగారం నూటికి 37.5 వంతులే. అంగడిలో దానిని కూడా ‘బంగారు నగ’ అనే అంటారు. కాని సగానికి తక్కువైన ఆ బంగారం విషయం ఫిఖ్హ్‌లో వేరుగా విచారించవలసినది. ధరలు పెరిగిన ఈ రోజులలో తక్కువ కారెట్ల నగలు ఇండ్లలోకి వస్తున్నాయి గనుక, ప్రతి నగ మీది అంకెను చదివి వేరువేరుగా తూయించి వ్రాసి ఉంచుకొనుట మేలు. బంగారంతోబాటు వెండి, నగదు కూడా ఉన్నచో హనఫీ ఉలమా వాటి విలువలను కలుపుతారు. అపుడు లెక్క మారుతుంది. అట్టి సందర్భంలో ఈ అంకెలను తీసుకొనిపోయి ముఫ్తీని అడుగవలెను. సరియైన అంకె లేనిదే సరియైన ఫత్వా రాదు.

మాట, తూకం

ఒక చెట్టు కాయను కొమ్ము అన్నారు. దాని గింజతో బంగారం తూచారు. ఆ తూకం నాణెంలో భాగమైంది, ఓడలో వాటా అయింది, పొలంలో చెక్క అయింది, ప్రవక్త (స) నోట కొండంత పుణ్యమైంది, చివరకు వర్తకుని రసీదులో అంకె అయింది. మాట ఇన్ని దేశాలు తిరిగినా దాని వెంట నడిచిన ధర్మం ఒక్కటే: తూచేవాడు ఎదుటివానికి లోటు చేయరాదు.

దివ్యఖుర్ఆన్ షుఐబ్ (అలైహిస్సలాం) గారి జాతి వినాశనాన్ని వర్ణించినపుడు వారి షిర్కుతోబాటు కొలతలు, తూనికలలో వారు చేసిన లోపాన్ని పేర్కొన్నది. ముతఫ్ఫిఫీన్ అనే సూరా పేరే తూకం తగ్గించేవారి పేరు. అన్బియా సూరాలో ప్రళయదినాన న్యాయమైన త్రాసులు నిలుపబడునని, ఆవగింజంత కర్మయైనా తేబడునని హెచ్చరిక ఉన్నది. కారబ్ గింజ, గురువింద, మంజాడి మనుషుల గింజలు. వాటిలో హెచ్చుతగ్గులున్నాయి, వాటిని ఏరే చేతులలో కూడా హెచ్చుతగ్గులున్నాయి. ఆనాటి త్రాసులో ఆవగింజ తప్పు తూగదు. ఆ త్రాసును తలచుకొని ఇక్కడ తూచేవారిలో, తలచుకొని ఇక్కడ లెక్క కట్టేవారిలో అల్లాహ్ మనలను చేర్చుగాక! ఆమీన్.